దాక్కున్న కర్త

ముప్ఫై ఏళ్ళు బళ్ళో తెలుగు వ్యాకరణం చెప్పి రిటైరయ్యాక, ఇక కర్త, కర్మ, క్రియల పీడ వదిలిందనుకున్నాను. అవి నాకంటే ముందే విమానమెక్కి బ్రెజిల్లో కూచున్నాయని నాకేం తెలుసు?

అల్లుడి ఉద్యోగం సావోపాలోలో. ఆర్నెల్లు ఉండి వెళ్ళమని అమ్మాయి పిలిస్తే వెళ్ళాను. మనవరాలికి పదకొండేళ్ళు, ఆరో క్లాసు. దాని బడి మధ్యాహ్నానికే అయిపోతుంది. సాయంత్రం దాకా ఇంట్లో ఇద్దరమే. దానికి తెలుగు అర్థమవుతుంది గానీ నోరు పెగలదు. నాకు పోర్చుగీసు అసలే రాదు. "అన్నం?" అంటే తల ఊపేది. "పాలు?" అంటే అడ్డంగా తిప్పేది. రెండు నెలలు ఇదే మా సంభాషణ. చెప్పొద్దూ, పిల్ల పరాయిదైపోయిందని రాత్రిళ్ళు కళ్ళు తుడుచుకున్నాను.

ఓరోజు నోటుబుక్కు విసిరికొట్టి ఏడుస్తూ కూచుంది. చూస్తే నిండా ఎర్రసిరా! బతిమాలగా బతిమాలగా, సగం తెలుగు, సగం సైగలతో చెప్పింది. "పెరీయొదు సింప్లిస్" అట. ఒకే క్రియ ఉన్న వాక్యం. ఓసి, మన సామాన్య వాక్యమే కదూ! క్రియలు బాగానే లెక్కపెట్టింది. చిక్కంతా కర్త దగ్గర. "షెగేయ్" అన్నది ఒక్క మాటే, పూర్తి వాక్యం. 'వచ్చాను' అని అర్థం. కర్త లేదని రాసింది. టీచరు కొట్టేసింది.

"బళ్ళోంచి రాగానే గుమ్మంలో నాతో ఏమంటావే?"

"వచ్చాను."

"ఎవరొచ్చారు?"

"నేను!"

"నేను అన్నావా మరి?"

"లేదు..." కాసేపు ఆలోచించింది. "చివర 'ను' ఉంది అమ్మమ్మా!"

"మరి షెగేయ్ చివరేముందో చూడు."

"ఏయ్! ఏయ్ అంటే నేను!" దాని మొహం వెలిగిపోయింది. ఇలాంటి కర్తకి వాళ్ళు పెట్టుకున్న పేరుకి అర్థం 'దాక్కున్న కర్త' అట. ఎంత ముచ్చటైన పేరు!

తర్వాత 'షొవెవ్' దగ్గర నేనే ఓడిపోయాను. వాన పడిందని దానర్థం.

"కర్త వాన కదే" అన్నాను గర్వంగా.

"ఇక్కడ కాదు అమ్మమ్మా. దాక్కోలేదు కూడా. అస్సలు లేదు!"

ముప్ఫై ఏళ్ళు బెత్తం పట్టుకున్నదాన్ని, నోరు మూసుకుని రాసుకున్నాను.

ఆ పూట నుంచి రోజూ నేనో తెలుగు వాక్యం, అదో పోర్చుగీసు వాక్యం. వాక్యానికి ఒక్క క్రియే. అంతకు మించి ఇద్దరికీ చేతకాదు. మీరే చెప్పండి, ప్రేమగా మాట్లాడుకోవడానికి అంతకంటే పెద్ద వాక్యాలెందుకు?

తిరిగి తెనాలి వచ్చిన వారానికి నా ఫోనులో దాని గొంతు వినిపించింది.

"అన్నం తిన్నాను. వాన పడింది. ఎప్పుడొస్తావు?"

మూడూ సామాన్య వాక్యాలే. మొదటిదాంట్లో అది దాక్కుంది. చివరిదాంట్లో నేను.