ఎండల ఊళ్లో చల్లని వరండా

కరీంనగర్ నుంచి రాజీవ్ రహదారి మీద గోదావరిఖని బస్సెక్కితే పెద్దపల్లి దాటాక బసంత్‌నగర్ వస్తుంది. ఇక్కడి సున్నపురాయిని ఆధారం చేసుకుని కేశోరాం సిమెంటు కర్మాగారం 1969లో మొదలైంది. 2025లో ఆ సిమెంటు వ్యాపారం అల్ట్రాటెక్‌లో కలిసింది. ఒకప్పుడు వాయుదూత్ విమానాలు దిగిన రన్‌వే కూడా ఈ ఊళ్లోనే ఉంది. అవన్నీ దారిలో చూడొచ్చు గానీ, ముందు మీరు ఇక్కడి ఇళ్ల ముంగిళ్లు చూడాలి.

మే నెల వచ్చిందంటే ఈ రామగుండం ప్రాంతంలో ఎండ 45 డిగ్రీలు దాటడం మామూలే. దానికి తోడు లారీల దుమ్ము. తలుపు తీస్తే దుమ్ము, వేస్తే ఉక్క! మరి ఆడవాళ్లం ఏం చెయ్యాలి? దీనికి మన పెద్దవాళ్లు ఎప్పుడో ఉపాయం చెప్పారు. చుట్టుపక్కల ఊళ్లలోని పాత గూనపెంకల ఇళ్లు చూడండి. దర్వాజకు రెండు వైపులా అరుగులు, వాటి మీదికి దిగిన చూరు. ఎండ అక్కడే ఆగిపోతుంది, గాలి మాత్రం లోపలికి వస్తుంది. ఇంటికీ వీధికీ మధ్య అదొక గది అన్నమాట!

సిమెంటు ఇళ్లు వచ్చాక ఆ అరుగే వరండా అయింది. బియ్యం ఏరడం, మామిడికాయ ముక్కలు కోయడం, మల్లెలు మాల కట్టడం అన్నీ అక్కడే. బొగ్గు గనుల ఊళ్లలో దానికి ఇంకో ఉపయోగం ఉంది. నైట్‌షిఫ్ట్ చేసి వచ్చిన మనిషి పగలు లోపల పడుకుంటే, పిల్లలూ మనమూ చప్పుడు చెయ్యకుండా కూర్చునే చోటు అదే.

ఇప్పుడు చాలామంది వరండాకు గోడ కట్టి గదిగా మార్చేస్తున్నారు. పిల్లలు పెద్దవాళ్లయ్యారు, చోటు చాలడం లేదు, దుమ్ము పడలేం అంటారు. కాదనలేం. కానీ హాలుకు వచ్చే గాలి ఆగిపోతుంది, పగలు కూడా లైటు వెయ్యాల్సి వస్తుంది. అంతకన్నా పెద్ద నష్టం ఇంకొకటుంది. పిల్లలు హైదరాబాదులో ఉండి, ఒంటరిగా ఉంటున్న పక్కింటి పెద్దమ్మ వరండాలో కూర్చుంటే వచ్చేపోయేవాళ్లు పలకరిస్తారు. ఒకరోజు కనిపించకపోతే తలుపు తట్టి అడుగుతారు. మూసిన గోడ వెనక ఎవరు అడుగుతారు చెప్పండి?

అందుకే వరండాను మూసేయకుండా బాగుచేసుకునే మార్గాలు చూడండి. కొత్తగా కట్టేవాళ్లయితే కనీసం 6 అడుగుల వెడల్పు ఉంచండి, మంచం వేసినా పక్కనుంచి నడవొచ్చు. వరండా నేల హాలు కన్నా రెండంగుళాలు కిందికి, బయటికి వాలుగా ఉంటే వానజల్లు గడప దాటదు. వీధి గుమ్మానికి ఎదురుగా పెరటి గుమ్మం పెడితే గాలి ఇల్లంతా తిరుగుతుంది.

పడమటి ఎండ పడే వైపు దొండ పాదు పెట్టి తాళ్లతో పైకి పాకించండి. ఒకసారి పెడితే రెండు మూడేళ్లు ఉంటుంది. నీడకు నీడ, కూరకు కూర! తీగ ఆకులు కొంత దుమ్మును కూడా పట్టేస్తాయి. వారానికోసారి నీళ్లతో కడిగితే చాలు. హాలు గుమ్మానికి దోమల జాలీ తలుపు బిగించండి. వేసవిలో పొద్దున తొమ్మిదింటికల్లా తలుపులు, కిటికీలు మూసి, చల్లబడ్డాక తెరవండి. సాయంత్రం వరండాలో, వాకిట్లో నీళ్లు చల్లితే గచ్చు వేడి తగ్గుతుంది.

పాదు వానాకాలంలో పెడితే ఎండలు ముదిరేసరికి పందిరి అల్లుకుంటుంది. ఈసారి తొలకరికి ఒక దొండ తీగ ముక్క తెచ్చి నాటండి. వరండాలో రెండు కుర్చీలు వేసి ఉంచండి, ఒకటి మీకు, ఇంకొకటి పక్కింటి వదినగారికి!