ముద్దాయి ఒంటి మీది గాయం

కొట్లాట కేసులో ముద్దాయి అయినవాడు వకీలు దగ్గరికి వచ్చి చెప్పే మొదటి మాట, "సారూ, ముందు వాళ్లే నా మీద పడ్డరు." నేను వెంటనే అడిగేది నీకు దెబ్బలు తగిలాయా, ఆస్పత్రిలో చూపించుకున్నావా అని. చాలామంది చొక్కా ఎత్తి వీపు చూపిస్తారు. అప్పటికి దెబ్బ మానిపోయి ఉంటుంది, కాగితం ఉండదు.

గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ కోర్టుల్లో నేను ముద్దాయిల తరఫున వాదిస్తాను. 2022 జూన్ 2న న్యాయ జిల్లాలు ఏర్పడేదాకా ఈ మూడూ మహబూబ్‌నగర్ జిల్లా జడ్జి కిందే ఉండేవి. ఇక్కడి కొట్లాటల్లో రౌడీలు తక్కువ. తొలకరి పడి ట్రాక్టరు గట్టు దాకా వచ్చినప్పుడు, కాలువ నీళ్ల వంతు తప్పినప్పుడు, అన్నదమ్ముల మధ్య పంపకం తెగనప్పుడు మాటామాటా పెరుగుతుంది. చేతిలో ఉన్న పారో, కట్టెనో లేస్తుంది. కొట్టింది ఒక్కడైనా ఫిర్యాదులో తండ్రి, తమ్ముడు, బావమరిది అందరూ ఉంటారు. ఆ రోజు ఊళ్లోనే లేనివాడు కూడా ఏ4 అవుతాడు.

కేసు ఎంత బరువైందో చాలావరకు తేల్చేది డాక్టరు రాసే గాయాల సర్టిఫికెట్. 2024 జూలై 1 నుంచి జరిగిన ఘటనలకు భారతీయ న్యాయ సంహిత వర్తిస్తుంది. మామూలు దెబ్బయితే సెక్షన్ 115(2), శిక్ష గరిష్ఠంగా ఏడాది. ఎముక విరిగినా, పన్ను ఊడినా అది తీవ్ర గాయం, 117(2) కింద ఏడేళ్ల దాకా పడవచ్చు. ఆ ఎముకే గొడ్డలి లాంటి మారణాయుధంతో విరిగితే 118(2) వస్తుంది, శిక్ష ఏడాదికి తగ్గదు, యావజ్జీవం దాకా పోతుంది. చంపాలనే కొట్టాడంటే 109. జనం నోట్లో అదింకా పాత ఐపీసీ 307 గానే ఉంది. బాధితుడు 20 రోజులు తీవ్ర బాధ పడితేనో, తన పని తాను చేసుకోలేకపోతేనో తీవ్ర గాయమని పాత చట్టం అనేది. కొత్త చట్టంలో అది 15 రోజులైంది.

అందుకే కట్ట చేతికి రాగానే ముందు సర్టిఫికెట్ తీస్తాను. ఎముక విరిగిందని రాశారు సరే, ఎక్స్‌రే తీశారా? తీస్తే ఆ ఫిల్మ్ కోర్టుకు వచ్చిందా? కొడవలితో నరికాడని ఫిర్యాదులో ఉంటుంది, డాక్టరేమో చితికిన గాయం అని రాస్తాడు. పదును తగిలితే చర్మం తెగుతుంది, అంచులు చితకవు. ఇలాంటి తేడా మీద సెక్షన్ మారిపోయిన కేసులు ఉన్నాయి. కొట్టినవాడికి వకాల్తా ఎందుకు వేస్తావని నన్ను అడిగేవాళ్లున్నారు. నిజంగా కొట్టినవాడికైనా కొట్టినంతకే శిక్ష పడాలని నేను నమ్ముతాను. వేలు విరగ్గొట్టినవాడు హత్యాయత్నం కింద జైల్లో ఉంటే అది న్యాయం కాదు.

ఒక రైతు కేసు చెబుతాను. గట్టు తగాదాలో అతని మీద తీవ్ర గాయం కేసు పెట్టారు. ఆ రాత్రే అతను సర్కారు దవాఖానకు వెళ్లి తలకు కుట్లు వేయించుకున్నాడు, తానూ ఫిర్యాదు ఇచ్చాడు. విచారణలో అవతలి సాక్షులు ఒకరి తర్వాత ఒకరు వచ్చి అతని తల ఎలా పగిలిందో తెలియదన్నారు. ముద్దాయి ఒంటి మీద పెద్ద గాయం కనబడుతున్నా ప్రాసిక్యూషన్ దాని ఊసెత్తకపోతే అసలు సంగతి దాస్తున్నారని కోర్టు అనుమానించవచ్చని లక్ష్మీసింగ్ కేసులో సుప్రీంకోర్టు 1976లోనే చెప్పింది. ఆత్మరక్షణ హక్కు చట్టంలో ఉంది. దాన్ని ప్రాసిక్యూషన్‌లాగా సందేహానికి తావు లేకుండా నిరూపించనక్కర్లేదు, జరిగి ఉండవచ్చు అనిపిస్తే చాలు. ఇద్దరి కేసులూ ఒకే జడ్జి విన్నారు, అలాగే వినాలి కూడా. ఆ రైతు విడుదలయ్యాడు.

ఎక్కువమంది చేసేది ఆ రైతు చేసినదానికి పూర్తిగా వ్యతిరేకం. పోలీసుల పేరు వినగానే బస్సెక్కుతారు. మా పాలమూరు వాళ్లకు బొంబాయి, పుణె దారి కొత్తది కాదు కదా. ఏడేళ్ల వరకు శిక్ష ఉన్న కేసుల్లో అవసరం లేకుండా అరెస్టు చేయొద్దని 2014లో అర్నేష్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు గట్టిగా చెప్పింది. ఇప్పుడు భారతీయ నాగరిక్ సురక్షా సంహిత సెక్షన్ 35(3) కింద నోటీసు ఇస్తారు. ఆ తేదీకి వెళ్లి సంతకం పెట్టి, పిలిచినప్పుడల్లా హాజరైనవాణ్ణి అరెస్టు చేయాలంటే పోలీసులు కారణం రాయాలి. పారిపోయినవాడు ఆ కారణాన్ని తానే రాసిచ్చినట్టవుతుంది. సెక్షన్ పెద్దదైతే దాక్కునే బదులు ముందస్తు బెయిలు వేసుకోవాలి.

ఊళ్లో పెద్దమనుషులు కూర్చోబెట్టి చేసే రాజీ సంగతి కూడా చెప్పాలి. రాజీ మంచిదే, చాలా కేసుల్లో నేనే ప్రోత్సహిస్తాను. అయితే ఎఫ్‌ఐఆర్ అయ్యాక ఊరి పంచాయితీ కాగితంతో కేసు పోదు. మామూలు దెబ్బ కేసును దెబ్బ తిన్నవాడు రాజీ చేసుకోవచ్చు, లోక్ అదాలత్‌లో తేలిపోతుంది. 117(2)కు కోర్టు అనుమతి కావాలి. ఆయుధం ఉన్న కేసులకు రాజీ పట్టికలో చోటే లేదు, హైకోర్టుకు వెళ్లి కొట్టివేయించుకోవాల్సిందే. ఇది తెలియక, డబ్బులు ఇచ్చేశాం కదా అని వలస వెళ్లిన కూలీకి వాయిదాలు తప్పి నాన్‌బెయిలబుల్ వారెంట్ వస్తుంది. సంక్రాంతికి ఇల్లు చేరిన రోజే పోలీసులు వచ్చి తీసుకుపోతారు. అలాంటివాడి కోసం వారెంట్ రీకాల్ పిటిషన్ వేసినప్పుడల్లా నాకు బాధగా ఉంటుంది. ఊరు వదిలేముందు వకీలుకు ఒక్క మాట చెబితే గైర్హాజరు పిటిషన్ వేసేవాళ్లం.

ఫీజు లేదని ఆగిపోయేవాళ్లకు ఈ మాట. కస్టడీలో ఉన్నవాళ్లకు, ఎస్సీ, ఎస్టీలకు, మహిళలకు ఆదాయంతో సంబంధం లేకుండా ఉచితంగా వకీలును పెట్టాలని 1987 నాటి న్యాయ సేవల చట్టం చెబుతోంది. మిగతా పేదలకు ఆదాయ పరిమితి ఉంటుంది. మూడు జిల్లాల్లోనూ జిల్లా న్యాయసేవాధికార సంస్థలు ఉన్నాయి. తెల్లకాగితం మీద దరఖాస్తు రాసిచ్చినా తీసుకుంటారు. ఫోన్ నంబరు 15100.