డ్రమ్ము నిండడానికి వంద సెకన్లు

"ఐదు హెచ్‌పీకి నీళ్లు సాలడం లేదురా. ఏడున్నర మోటారు దింపుదాం" అని నాయన ఫోన్ చేశాడు. మోటారు ఒక్కటే కాదు, కేబుల్, స్టార్టర్ కూడా మార్చాలి. అంటే మళ్లీ అప్పు. కోడుమూరు దగ్గర మాకున్నది మూడెకరాలు, ఒకటే బోరు. అప్పటికి రెండెకరాల్లో ఉల్లిగడ్డ ఉంది.

ఆ శనివారం ఊరికెళ్లా. నీళ్లెన్ని వస్తున్నాయని అడిగితే నాయన "మునుపు రెండించులు, ఇప్పుడు ఇంచు" అన్నాడు. మా దగ్గర బోరు నీళ్లకు కొలత ఇంచులే. కానీ ఇంచులతో ఎఫిషియెన్సీ లెక్క కుదరదు. అందుకే రెండొందల లీటర్ల డ్రమ్ము పైపు కింద పెట్టి, ఫోన్లో స్టాప్‌వాచ్ నొక్కా. వంద సెకన్లకు నిండింది. అంటే సెకనుకు రెండు లీటర్లు.

బీటెక్ ల్యాబ్‌లో ఇండక్షన్ మోటార్ బ్రేక్ టెస్ట్ రీడింగులు సీనియర్ రికార్డులోంచి దించినవాణ్ని నేను. నిజంగా ఒక మోటారుకు లెక్క కట్టడం ఇదే మొదటిసారి.

లెక్క పెద్దదేం కాదు. మోటారు ఆడుతుండగా నీళ్లు రెండొందల అడుగుల్లో, అంటే దాదాపు 60 మీటర్ల లోతులో ఉన్నాయి. సెకనుకు 2 కిలోల నీళ్లు, 9.8తో, 60తో గుణిస్తే 1,176 వాట్లు. నీళ్లను పైకి తేవడానికి నిజంగా కావలసింది ఇంతే. మరి లైన్లోంచి తీసుకుంటున్నది? ఎలక్ట్రీషియన్ అన్న క్లాంప్ మీటర్ పెడితే 7.5 ఆంపియర్లు, 400 వోల్టులు. పవర్ ఫ్యాక్టర్ 0.8 అనుకున్నా. త్రీ ఫేజ్ కాబట్టి 1.732తో కూడా గుణిస్తే దాదాపు 4,160 వాట్లు. మొదటిదాన్ని రెండోదానితో భాగిస్తే 28 శాతం.

"అయితే మిగతా కరెంటు యాడికి పోతాంది?" అన్నాడు నాయన.

ఛార్జింగ్ పెట్టిన ఫోన్ చేతిలో వేడెక్కుతుంది కదా, అలాగే కొంత వేడిగా పోతుంది. మోటారు 80 శాతం, పంపు 60 శాతం బాగా పనిచేసినా, రెండూ గుణిస్తే వచ్చేది 48. అంటే సగం పోవడం మామూలే. కానీ 28 అంటే లోపల ఏదో తేడా ఉంది.

ఇన్నేళ్లలో ఈ లెక్క ఎవరం ఎందుకు వేయలేదంటే, 2004 నుంచి వ్యవసాయానికి కరెంటు ఉచితం. బిల్లు రాదు, నష్టం కనపడదు. ఓర్వకల్లు వైపు వెయ్యి మెగావాట్ల సోలార్ పార్కు ఉంది. అక్కడి పలకలు కూడా ఎండలో ఐదో వంతుకంటే తక్కువే కరెంటుగా మారుస్తాయి. ఎండ ఊరికే వస్తుంది కాబట్టి దాన్నెవరూ తిట్టరు. మా కరెంటులో బొగ్గుది మాత్రం అలా కాదు. థర్మల్ ప్లాంటులో మండిన బొగ్గులో 35 శాతమే కరెంటవుతుంది. అందులో మా మోటారు 28 శాతం వాడితే, లైన్ల నష్టం వదిలేసినా, నీళ్లదాకా చేరేది పదో వంతు.

కొత్త మోటారు మాట పక్కన పెట్టి, ఉన్నదాన్ని పైకి తీయించాం. ఒక పైపు జాయింటు దగ్గర చిల్లి. ఎక్కిన నీళ్లు కొన్ని అక్కడే మళ్లీ బోర్లోకి పడుతున్నాయి. ఇంపెల్లర్లు ఇసుకకు అరిగిపోయి పలచబడ్డాయి. రెండూ మార్చాం. మోటారు ఖర్చుతో పోలిస్తే ఇది చాలా తక్కువ. ఈసారి డ్రమ్ము 65 సెకన్లకే నిండింది. కరెంటు 7.2 ఆంపియర్లు. లెక్క 45 శాతానికొచ్చింది. నిజం చెప్పాలంటే, ఆఫీసులో ఏ రిలీజ్ రోజూ నేనంత సంబరపడలేదు.

ఆ సంబరం మూడో గంటదాకే. పైపు గుర్రుమంది, నీళ్లతో పాటు గాలి వచ్చింది. నాయన పరుగున వెళ్లి స్టార్టర్ ఆపాడు.

"మోటారు బాగైంది సరే. లోపల నీళ్లుండాల కదబ్బా" అన్నాడు.

నా లెక్కలో బోరు ఎప్పటికీ ఎండదు! మోటారు ఎంత బాగా తోడితే అంత తొందరగా మట్టం దిగుతుందన్నది నేను పట్టించుకోలేదు. ఏడున్నర దింపి ఉంటే ఇంకా ముందే గాలి వచ్చేది, అప్పు మిగిలేది.

కరెంటు తొమ్మిది గంటలిచ్చినా నాయన ఇప్పుడు రెండు గంటలు తోడి, గంటసేపు ఆపుతాడు. నా షీట్‌లో ఇంకో కాలమ్ చేరింది: గాలి రావడానికి ఎంతసేపు పట్టింది. రోజూ సాయంత్రం వాట్సాప్‌లో నాయన వాయిస్ మెసేజ్ పెడతాడు. నిన్నటిది రెండు గంటల పది నిమిషాలు.