మేరీ యాడికి పాయె?

'మిస్సమ్మ' సినిమాను పొగడనివాళ్ళు తెలుగులో దొరకరు. నేనూ పొగుడుతాను. 1955లో విజయా ప్రొడక్షన్స్ తీసింది. దర్శకుడు ఎల్.వి. ప్రసాద్. రవీంద్రనాథ్ మైత్ర రాసిన బెంగాలీ నాటకాన్ని మనకు తగ్గట్టు మలిచినాయన చక్రపాణి. డెబ్బై ఏళ్ళ తర్వాత కూడా టీవీలో వస్తే రిమోట్ పక్కన పెట్టేస్తాం. అందరూ చెప్పేది రెండే మాటలు: కడుపుబ్బ నవ్విస్తుంది, ఇంటిల్లిపాదీ కూర్చొని చూడొచ్చు. ఈ రెండింటికీ సంబంధం ఏమిటని నాకు చాలా రోజులుగా ఒక దిగులు.

కథ తెలుసు కదా. జమీందారు (ఎస్వీ రంగారావు) పెద్దకూతురు మహాలక్ష్మి చిన్నప్పుడే తప్పిపోయింది. ఆ పాప పేరు మీద బడి నడుపుతుంటాడు. ఆ బడికి టీచర్లు కావాల. ఇద్దరూ బి.ఏ. చదివుండాల, మొగుడూ పెళ్ళాలై ఉండాల. రావు (ఎన్టీఆర్) హిందువు, మేరీ (సావిత్రి) క్రిస్టియన్. ఇద్దరికీ ఉద్యోగం అవసరం, ఆమె నెత్తిన అప్పు కూడా ఉంది. అబద్ధమాడి చేరిపోతారు.

పాఠం చెప్పడానికి పెళ్ళెందుకప్పా అని సినిమాలో గట్టిగా అడిగేవాళ్ళు లేరు. కుటుంబం అనేది అక్కడ డిగ్రీలాంటి ఒక అర్హత. ఇది పాత కాలం సంగతి అనుకునేవాళ్ళు, పెళ్ళికాని ఆడమనిషి ధర్మవరంలో అద్దె ఇల్లు ఎట్ల వెతుక్కుంటుందో ఒకసారి చూడాల. నేను వెతికినాను. "ఫ్యామిలీకే ఇస్తాం" అన్నారు. మా తమ్ముణ్ణి వెంటబెట్టుకొని పోతే ఒక ఇంటామె గేటు తీసింది, మంచినీళ్ళిచ్చింది, నా నుదురు చూసింది. తర్వాత "మీరేమిట్లు?" అనింది. కులం అనే మాట నోటితో అనకుండా కులం అడిగే మర్యాద అది. చెప్పినాను. వాళ్ళ బంధువులెవరో వస్తున్నారని అప్పుడే గుర్తొచ్చింది ఆమెకు. ఫ్యామిలీ అన్న మాటకు అర్థం నిఘంటువులో ఒకటి ఉంటుంది, టు-లెట్ బోర్డు మీద ఇంకోటి ఉంటుంది.

సరే, నవ్వు దగ్గరికొద్దాం. నవ్వెందుకొస్తుందని బుర్రలు బద్దలు కొట్టుకున్నవాళ్ళు చాలామంది. 1905లో ఫ్రాయిడ్ హాస్యం మీద పుస్తకమే రాసినాడు. లోపల అణిచిపెట్టినది జోకు రూపంలో బయటపడుతుందని ఆయన వాదన. నాకు ఎక్కువ పనికొచ్చింది మాత్రం 2010లో పీటర్ మెక్‌గ్రా, కేలబ్ వారెన్ చెప్పిన మాట. ఏదో ఒక కట్టుబాటు తెగినట్టు కనపడాల, అదే క్షణంలో "ఏం కాదులే" అని మనసుకు ధీమా ఉండాల. రెండూ ఒకేసారి జరిగితేనే నవ్వు. కితకితలు చూడండి. అక్క పెడితే ఇల్లంతా దొర్లుతాం. బస్సులో ముక్కూమొహం తెలియనివాడు పెడితే చెప్పు తీస్తాం.

ఇప్పుడు మిస్సమ్మను ఈ కొలతతో చూడండి. పెళ్ళి కాని ఇద్దరు, అందులో ఒకరు హిందువు, ఒకరు క్రిస్టియన్, ఒకే కప్పు కింద మొగుడూ పెళ్ళాలుగా ఉంటున్నారు. 1955లో ఇది మామూలు తెంపు కాదు. మరి హాలంతా అంత హాయిగా ఎట్ల నవ్వింది? ధీమా ఎక్కడినుంచి వచ్చింది? తప్పిపోయిన మహాలక్ష్మి సంగతి మనకు ముందే చెప్పేసినారు. కుడికాలి మీద పుట్టుమచ్చ ఉందనీ చెప్పినారు. డిటెక్టివ్ రాజు (అక్కినేని) ఆ మచ్చ కోసమే తిరుగుతుంటాడు. మేరీ ఎంత కసురుకున్నా, ఆ నాటకాన్ని ఎంత అసహ్యించుకున్నా మనకు భయం లేదు. ఈ పిల్ల మన పిల్లేలే అని లోపల తెలుసు. అంటే మేరీని చూసి నవ్వడానికి పూచీ మహాలక్ష్మిది.

న్యాయంగా ఒక మాట చెప్పాల. మేరీ మనసు రావు వైపు తిరిగేది మచ్చ బయటపడక ముందే. సినిమాలో నాకు అన్నిటికన్నా నచ్చేది అదే. కానీ ఆ ప్రేమను అక్కడితో వదిలెయ్యడానికి కథకు ధైర్యం చాలలేదు, పుట్టుక సరిచేసి గానీ పెళ్ళి చెయ్యలేదు. కథలో బాగా గుర్తుండే ఇంకో క్రిస్టియన్ ఎవరయ్యా అంటే డేవిడ్ (రమణారెడ్డి). అప్పు పేరు చెప్పి ఆమెను పెళ్ళాడాలని వెంటపడేవాడు. అతనికి ఏ మచ్చా లేదు, కాబట్టి అతను ఆఖరిదాకా డేవిడే.

మేరీ నిజంగా మేరీయే అయ్యుంటే అది కామెడీ అయ్యేది కాదు. 2018 సెప్టెంబరులో మిర్యాలగూడలో ఆసుపత్రి బయట ఏం జరిగిందో మనందరం టీవీలో చూసినాం. అక్కడ కాపాడటానికి పుట్టుమచ్చ లేదు.

ఇంకో ముచ్చట. ఈ సినిమా రావడానికి ఐదేళ్ళ ముందే, 1950లో, రాష్ట్రపతి ఉత్తర్వు వచ్చింది. హిందువు కానివాడు షెడ్యూల్డ్ కులంవాడు కాడని దాని మూడో పేరా. 1956లో సిక్కులను చేర్చినారు, 1990లో బౌద్ధులను చేర్చినారు. సిలువ మోసినవాళ్ళు బయటే ఉన్నారు. మన రాష్ట్రంలో వాళ్ళకు బీసీ-సీ, ఒక్క శాతం. 2023 మార్చిలో అసెంబ్లీ తీర్మానం చేసి ఢిల్లీకి పంపింది. 2024 నవంబరులో సుప్రీంకోర్టు, రిజర్వేషన్ కోసమే హిందువునని చెప్పుకుంటే అది రాజ్యాంగాన్ని మోసం చెయ్యడమే అనింది. మా తాడిమర్రి వైపు పేటల్లో సోమవారం లచ్చుమక్క అయినామె ఆదివారం రూతమ్మ అవుతుంది. ఎవరని అడగొద్దు, చెప్పను. చెనక్కాయలు ఒలుస్తూ ఆడోళ్ళే ఈ రెండు పేర్ల మీద జోకులేసుకొని పడీపడీ నవ్వుతారు. పైగుడ్డ నోటికి అడ్డం పెట్టుకొని నవ్వుతారు. ఆ నవ్వులో ధీమా లేదు. ఏ తాసిల్దారు ఆఫీసులోనో ఎవరైనా వింటారేమోనన్న జంకుంది. దానికి ఏ అమెరికా సిద్ధాంతమూ సరిపోదు. నా పీహెచ్‌డీ కూడా సరిపోలేదు.

ఉద్యోగం కోసం పేరు దాచుకున్న ఆడమనిషి కథ మా వాళ్ళకు కొత్తగా అనిపించకపోవడం వింత కాదు. మా జేజి బతికున్నప్పుడు ఈ సినిమాను మంచం మీద కూర్చొని మొదటినుంచి చివరిదాకా చూసింది. సావిత్రి మెడలో సిలువ కనపడితే నన్ను మోచేత్తో పొడిచేది. మేరీ కోప్పడిన ప్రతిసారీ "బాగా గడ్డిపెట్టినావ్ పాపా" అనేది. ఆఖర్లో మచ్చ తేలింది, జమీందారు ఇంట్లో అందరూ సంతోషంగా ఉన్నారు. జేజి మాత్రం కాసేపు ఏం మాట్లాడలేదు.

"ఇంతసేపూ మన పాపనుకుంటిమే. అయితే మేరీ యాడికి పాయె?"

మాయమ్మ టీవీ కట్టేసి, అన్నాలకు లెయ్యండి అనింది.