చుట్టింటి గోడ – మరమనిషి చెయ్యి

శ్రీకాకుళం నుంచి శ్రీముఖలింగం పోయే బస్సులో కిటికీ పక్క చోటు దొరకటం పూర్వజన్మ సుకృతం. మొన్న సంక్రాంతి సెలవుల్లో అది నాకు దక్కింది. పక్కన నా పాత శిష్యుడు; ఇప్పుడు హైదరాబాదులో ఇంజనీరు.

వంశధార ఒడ్డున ఒక పల్లెలో మా అమ్మమ్మగారి చుట్టిల్లు ఉంది. 2018 అక్టోబరులో వచ్చిన తితలీ తుపానుకు దాని తాటాకు కప్పు ఎగిరిపోయింది. గుండ్రటి మట్టిగోడ మాత్రం చెక్కు చెదరలేదు. అప్పటినుంచి నాలుగు రేకులు కప్పి ఉంచాం. దాన్ని పడగొట్టి డాబా వేయటమా, మళ్ళీ కప్పు వేయించటమా? సలహాకోసం శిష్యుణ్ణి వెంటబెట్టుకు వచ్చాను.

ముందు మధుకేశ్వరుని దర్శనం చేసుకున్నాం. తూర్పు గాంగుల నాటి గుడి. శిష్యుడు శిఖరంకేసి చూస్తూ, “మాస్టారూ! ఈ కళింగ శిఖరాల్లో ప్రతి వరసా కిందిదానికంటే పిసరంత లోపలికి జరుగుతుంది. మా యంత్రానికీ అదే సూత్రం” అన్నాడు.

ఏ యంత్రమయ్యా అంటే చెప్పుకొచ్చాడు. జంతికల గొట్టంలోంచి పిండి దిగినట్టు, మరమనిషి చెయ్యి సిమెంటు ముద్దను వరస మీద వరసగా పేర్చుకుంటూ పోతుందట. 2023లో సిద్దిపేట జిల్లా బూరుగుపల్లిలో అలాగే గుడి కట్టారు. గణపతికి మోదకం ఆకారంలో, శివుడికి చదరంగా, పార్వతికి పద్మం ఆకారంలో గర్భాలయాలు. అదే ఏడు బెంగుళూరులో 1,021 చదరపు అడుగుల పోస్టాఫీసు నెలన్నర లోపే లేచింది.

“అయితే యంత్రాన్ని బట్టి ఇల్లు గీయాలి. దానికి వంపు తిరగటం సుళువు. గాలిలో ముద్ద నిలవదు గనక గోడ ఒక్కసారిగా ముందుకు చొచ్చుకురాకూడదు. గొట్టాలకూ తీగలకూ ముందే ఖాళీ వదలాలి.”

పల్లె చేరేసరికి, ఆ గోడ పెట్టిన ముసలాయన అరుగుమీద కూర్చుని ఉన్నాడు. శిష్యుడు ఫోనులో బొమ్మ చూపించాడు. ఆయన కళ్ళు చికిలించి చూసి, “గోడ ఒక్కరోజే లేపీకూడదు బాబూ, కూలబడిపోద్ది. మూరెడు పెట్టి ఆరనియ్యాల. మరీ ఆరిపోతే మీదది కిందదాన్ని అంటుకోదు” అన్నాడు.

శిష్యుడు తెల్లబోయాడు. సిమెంటుతో వాళ్ళు పడే తిప్పలన్నీ అవేనట!

“మూల లేదు గనక గాలి చుట్టూ జారిపోద్ది. అదెరిగే మా పెద్దలు గుండ్రంగా కట్టినారు. సరేగానీ, ద్వారం కాడ నీ యంత్రం ఏటి సేస్తాది?”

“ఆగుతుంది తాతా. మనిషి వచ్చి పైన దిమ్మ పెట్టాలి. ఇనప చువ్వలూ మనుషులే పెట్టాలి. బూరుగుపల్లిలో స్తంభాలూ శ్లాబూ పాత పద్ధతిలోనే వేశారు.”

“అయితే మనిషుండాలన్నమాట!” అని నవ్వాడు. అంతలోనే ఆ నవ్వు ఆరిపోయింది. “మావోడు మీ హైదరాబాదులోనే సెంట్రింగు పని సేస్తన్నాడు. దీనికి సెంట్రింగు చెక్కలు కావాలా?”

“గోడలకు అక్కర్లేదు తాతా.”

“మరి మావోడేటి సేస్తాడు?”

“యంత్రం నడపటం నేర్చుకోవచ్చు.”

“నేర్పుతారేటి?”

శిష్యుడు నావంక చూశాడు. నేను గోడవంక చూశాను. మన జిల్లాల నుంచి వలసపోయి పట్నాల్లో మేడలు లేపుతున్న చేతులెన్నో! ఇల్లు గీసేవాడు యంత్రం చేతినే కాదు, ఆ చేతుల్ని కూడా లెక్కలోకి తీసుకోవద్దూ?

గోడ పడగొట్టే ఊహ అక్కడే మానుకున్నాను. ఉగాదికి ముసలాయన కొడుకు వస్తాడట. తండ్రి చెబుతుంటే కప్పు అతనే వేయాలని ఒప్పందం. శిష్యుడు కూడా వస్తానన్నాడు.

తిరుగు బస్సులో అతను కాగితంమీద ఏదో గీస్తూనే ఉన్నాడు. తొంగిచూశాను. గుండ్రటి గోడ, దానికో ద్వారం. ద్వారం పక్కన దిమ్మ పట్టుకుని ఇద్దరు మనుషులు నిలబడి ఉన్నారు.