బావ ఆన్‌లైన్‌లో ఉన్నాడు

మా అత్తయ్యకి పబ్జీ అంటే ఏంటో తెలీదు. అయినా 2020 ఎండాకాలమంతా రోజూ పొద్దున్నే కాఫీ గ్లాసు పట్టుకుని మా పెరట్లోకి వచ్చేది. "ఏరా, రాత్రి బావొచ్చాడా ఆటలోకి? ఏమన్నాడు? అన్నం తిన్నాడంటా?" అని అడిగేది. నేను పళ్లు తోముకుంటూనే, "సూపర్‌గా ఉన్నాడత్తయ్యా, రాత్రి పదకొండు మందిని లేపేశాడు" అనేవాణ్ణి. "ఛ, అవేం మాటల్రా" అని నవ్వుకుంటూ వెళ్లిపోయేది. దుబాయ్‌లో కొడుకు బాగున్నాడనడానికి ఆవిడకి అదే సాక్ష్యం.

ఆ జవాబు గుర్తొస్తే ఇప్పటికీ నాకు సిగ్గేస్తుంది. ఎందుకో చెప్పాలంటే ముందు ఆట సంగతి కొంచెం చెప్పాలి.

నేనేం పెద్ద ప్లేయర్ని కాదు. కాకినాడలో ఇంజనీరింగ్ చదివేటప్పుడు హాస్టల్లో నాలుగు కంప్యూటర్లు వైరుతో కలిపి కౌంటర్ స్ట్రైక్ ఆడేవాళ్లం. అందులోనూ నేను మొదట చచ్చిపోయే బాపతే. 2018లో పబ్జీ మొబైల్ వచ్చాక అందరితోపాటు నేనూ అందులో పడ్డాను. ఆడనివాళ్ల కోసం రెండు ముక్కల్లో: వందమంది విమానంలోంచి ఒక దీవి మీదకి పారాచూట్లతో దూకుతారు. ఎరాంగెల్ అనే ఆ దీవి ఎనిమిది కిలోమీటర్ల పొడవు, ఎనిమిది కిలోమీటర్ల వెడల్పు. ఖాళీ ఇళ్లల్లో దొరికిన తుపాకులు ఏరుకుని ఒకళ్లనొకళ్లు వేటాడుకోవాలి. ఈలోగా చుట్టూ ఒక నీలం గీత దగ్గరికొస్తూ ఉంటుంది. దాని బయట ఉంటే ప్రాణం కొంచెం కొంచెంగా పోతుంది. రాజోలు పక్కన లంకల్లో పుట్టినవాడికి ఇది ఎవరూ నేర్పక్కర్లేదు. వరదొచ్చినప్పుడు నీళ్లు పెరిగేకొద్దీ ఊరంతా చివరికి ఎక్కడ మెరక ఉంటే అక్కడికి చేరుతుంది కదా, అదే లెక్క. కాకపోతే మెరక మీద మేం ఒకళ్లనొకళ్లం కాల్చుకోం.

చివరిదాకా మిగిలినవాళ్లకి తెర మీద 'చికెన్ డిన్నర్' అని పడుతుంది. ఇది మా తాతయ్యకి బాగా నచ్చింది. సంక్రాంతికి కోడిపందెంలో ఓడిపోయిన కోడి గెలిచినవాడి ఇంటికి కూరకి వెళ్తుంది. "ఇది మన భీమవరం ఆటేగదరా" అన్నాడు. తర్వాత అడిగాడు, "మరి డబ్బులేమన్నా వస్తాయా?" రావన్నాను. "పోతాయా?" పోవన్నాను. కాసేపు ఆలోచించి, "మరి రాత్రంతా ఎందుకురా కళ్లు పోగొట్టుకోడం?" అన్నాడు. అప్పుడు నా దగ్గర జవాబు లేదు.

జవాబు బావ. మా మేనత్త కొడుకు. నాకంటే ఐదేళ్లు పెద్ద. దుబాయ్‌లో ఏసీలు రిపేరు చేసే పని. అక్కడ వాట్సాప్‌లో మెసేజ్ పోతుంది గానీ కాల్ కలవదు. మామూలు ఫోన్ చేస్తే బిల్లు వాచిపోతుంది. కానీ పబ్జీలో జట్టు నలుగురూ మాట్లాడుకోడానికి మైక్ ఉంటుందే, దానికి ఏ అడ్డూ లేదు. మొదట్లో ఆట కోసమే కలిసేవాళ్లం. పోనుపోనూ మైక్ కోసం ఆడేవాళ్లం అనుకునేవాణ్ణి నేను. ఎంతవరకూ నిజమో తర్వాత తెలిసింది.

2020 మార్చిలో లాక్‌డౌన్ పడగానే హైదరాబాద్‌లో రూమ్ ఖాళీ చేసి లాప్‌టాప్‌తో ఊరొచ్చేశాను. ఇంట్లో సిగ్నల్ ఒక్క గీత. డాబా ఎక్కి నీళ్ల ట్యాంకు పక్కన నిలబడితే మూడు గీతలు. అక్కడే పగలు ఆఫీసు, రాత్రి పబ్జీ. జట్టులో మూడోవాడు మండపేట కుర్రాడు, నా క్లాస్‌మేట్ తమ్ముడు. నాలుగోవాడు ఆటలో ఎక్కడో తగిలి మాతో ఉండిపోయాడు. ఆటలో వాడి పేరు పులస143. గొంతుని బట్టి పద్దెనిమిదేళ్లుంటాయి, యాసని బట్టి నరసాపురం వైపు. అంతకుమించి మాకేం తెలీదు. వాడి వెనక ఎప్పుడూ ఒక గేదె అరుస్తుండేది.

ఈ ఆటల్లో పింగ్ అని ఒకటుంటుంది. మనం నొక్కింది సర్వర్ దాకా వెళ్లి తిరిగి రావడానికి పట్టే సమయం. మిల్లీసెకన్లలో చూపిస్తుంది. యాభైలో ఉంటే పచ్చగా, రెండొందలు దాటితే ఎర్రగా. మా కోసం బావ ఆసియా సర్వర్‌కి వచ్చేవాడు కాబట్టి అతనిది ఎప్పుడూ ఎరుపే. బావ "వెనకాల!" అని అరిచేసరికి నేను పడిపోయి ఉండేవాణ్ణి. పడిపోయినవాడు వెంటనే చావడు, పాకుతుంటాడు. ఆలోపు ఎవరైనా పక్కన కూర్చుని లేపితే మళ్లీ ఆడొచ్చు. బావ ఎన్ని తుపాకులు పేలుతున్నా వచ్చి లేపేవాడు. "మీ అమ్మకి నేనేం చెప్పాలిరా?" అనేవాడు, నిజంగానే అప్పజెప్పాల్సి ఉన్నట్టు.

జూన్ నుంచి బావ ఎప్పుడు చూసినా ఆన్‌లైన్‌లోనే. మధ్యాహ్నం మూడింటికి లంచ్ బ్రేక్‌లో ఫోన్ తెరిస్తే పేరు పక్కన పచ్చచుక్క. "డ్యూటీ లేదా బావా?" అంటే "షిఫ్ట్ మార్చార్రా" అన్నాడు. ప్రతి సీజన్‌కీ నాకు కూడా రాయల్ పాస్ కొనిచ్చేవాడు, ఆసారి "దండగరా, బట్టలు మారితే గురి కుదురుతుందా?" అన్నాడు. మైక్‌లో ఏసీ మోతతోపాటు నలుగురైదుగురు మగాళ్ల దగ్గులు వినిపించేవి. ఇవన్నీ విన్నాను. ఆ ఆటలో వినడమే పని. మెట్లమీద అడుగులు ఎడమా కుడా, గడ్డిలోనా చెక్కమీదా చెప్పగలిగేవాణ్ణి.

జూలైలో ఒక రాత్రి. పన్నెండుమంది మిగిలారు, మేం నలుగురం బతికే ఉన్నాం. బావ ఉన్నట్టుండి, "ఒరేయ్, నీతో ఒక మాట చెప్పాలిరా" అన్నాడు.

"చెప్పు బావా... ఆగాగు, ఎడం పక్క అడుగులు."

ఆ మ్యాచ్ గెలిచాం. పులస143 కేకలు, గేదె కేకలు. అంతా తగ్గాక, "ఏదో అన్నావ్ బావా" అన్నాను. "ఏం లేదులే, పడుకో" అన్నాడు. పడుకున్నాను.

2020 సెప్టెంబర్ 2న కేంద్రం 118 యాప్‌లని నిషేధించింది. అందులో పబ్జీ మొబైల్ ఒకటి. ఫోన్లలో ఉన్నది మాత్రం అక్టోబర్ 30న సర్వర్లు ఆపేసేదాకా నడిచింది. అదే సెప్టెంబర్‌లో మన రాష్ట్రంలో ఆన్‌లైన్ రమ్మీ, పోకర్ మీద కూడా నిషేధం వచ్చింది. తాతయ్య రెండు వార్తలూ కలిపేసి, "డబ్బులు పోవన్నావుగా" అని నన్ను అనుమానంగా చూశాడు. చివరి రాత్రి పులస143 నంబర్ తీసుకోవాలనుకున్నాను. వాడు రాలేదు. మర్నాడు ఆటే లేదు. ఐదారొందల గంటలు కలిసి ఆడిన మనిషిని ఇప్పుడు పాలకొల్లు బస్టాండ్‌లో చూసినా గుర్తుపట్టలేను. నోరు తెరిస్తే మాత్రం పట్టేస్తాను.

డిసెంబర్‌లో బావ వచ్చేశాడు. కాంట్రాక్ట్ అయిపోయిందన్నాడు. బాగా చిక్కాడు. దుబాయ్ తిండి పడలేదేమో అనుకున్నాం. తర్వాతేడు ఒక ఫ్రెండ్‌తో కలిసి రొయ్యల చెరువు లీజుకి తీసుకున్నాడు. 2021 జూలైలో మన దేశం కోసమని బీజీఎంఐ పేరుతో అదే ఆట తిరిగొచ్చింది. ఇతను చెరువు గట్టు మీద షెడ్‌లో, నేను డాబా మీద, మళ్లీ మొదలెట్టాం. ఇద్దరికీ మధ్య దూరం ఒకటిన్నర కిలోమీటరు. పింగ్ పచ్చగా ఉండేది. అయినా కలవడం ఆటలోనే.

2022 మే 24న కోనసీమ జిల్లా పేరు విషయంలో అమలాపురంలో గొడవలయ్యాయి. జిల్లాలో ఇంటర్నెట్ ఆపేశారు. ఒక రోజనుకున్నది రోజుల తరబడి సాగింది. మా ఊళ్లో సాఫ్ట్‌వేర్ వాళ్లం పొద్దున్నే లాప్‌టాప్ సంచులు తగిలించుకుని చించినాడ వంతెన దాటి పాలకొల్లు వైపు సిగ్నల్ వెతుక్కుంటూ పోయేవాళ్లం. రాత్రిళ్లు చెయ్యడానికేం లేదు. మూడో రోజు నడుచుకుంటూ బావ దగ్గరికి వెళ్లాను.

రాత్రిపూట రొయ్యల చెరువు చూడనివాళ్లకి ఆ మోత తెలీదు. చీకటి పడ్డాక నీళ్లలో ఆక్సిజన్ పడిపోతుంది. అందుకని తెల్లార్లూ ఏరియేటర్లు తిరుగుతూ నీళ్లు చిమ్ముతుంటాయి. కరెంటు పోతే వెంటనే జనరేటర్ వెయ్యాలి. ఆలస్యమైతే రొయ్యలు పైకి తేలతాయి. అప్పుడిక లీజు డబ్బులు, మేత డబ్బులు అన్నీ నీళ్లలోనే. బావ నిద్రపోకుండా ఉండడానికి పబ్జీ ఆడేవాడని అప్పుడర్థమైంది. ఆ మోతలో పక్కపక్కన కూర్చున్నా గట్టిగా మాట్లాడాలి. బహుశా అందుకే చెప్పగలిగాడు.

"2020లో నాకు పన్లేదురా. జూన్ నుంచి వచ్చేదాకా."

కంపెనీ మనుషుల్ని తీసేసింది. రూమ్‌లో ఎనిమిదిమంది. తిరిగొచ్చే విమానాలు నడుస్తున్నాయి గానీ టికెట్‌కి డబ్బుల్లేవు, రావాల్సిన జీతం ఇస్తారని ఆశ. ఇంటికి నెలనెలా పంపింది తోటివాళ్ల దగ్గర అప్పు. రోజుకి ఒకపూట తిండి. అత్తయ్య "తిన్నాడంటా?" అని నన్నడిగిన నెలలన్నీ అవే.

"నాకెందుకు చెప్పలేదు బావా?"

"చెప్తే ఏమయ్యేది? నువ్వు కూడా రోజూ అడుగుదువు, పని దొరికిందా అని. ఫోన్ తీస్తే ఎవడైనా అదే అడుగుతున్నాడు. ఆటలోకొస్తే ఎవడూ అడగడు. ఆ పులసగాడికి నేనెవడో తెలీదు. 'అన్నా, నువ్వుంటే ధైర్యం అన్నా' అనేవోడు. ఆ ఒక్క మాట కోసం పన్నెండింటిదాకా కూర్చునేవోణ్ణిరా."

కాసేపాగి అడిగాను. "ఆ జూలైలో ఒకరోజు ఏదో చెప్పబోయావ్. నేను అడుగులంటూ ఆపేశాను."

"గుర్తులేదురా" అన్నాడు. టార్చి తీసుకుని ఏరియేటర్లు చూడ్డానికి లేచాడు. నిజంగా గుర్తులేదో, నాకోసం అన్నాడో ఇప్పటికీ తెలీదు.

ఆన్‌లైన్ ఆటల గురించి మాట్లాడేవాళ్లు రెండు రకాలు. ఒకళ్లు వ్యసనమంటారు. ఒకళ్లు స్నేహమంటారు. నాకు రెండూ నిజమే. నిద్ర పోయింది, మెడ పట్టేసింది, ఒక ఏడాది ఆఫీసులో రేటింగ్ కూడా పోయింది. కానీ అదే ఆట ఒక మనిషికి ఐదు నెలలు తలదాచుకునే చోటైంది. నాకు ఇబ్బందిగా ఉండేదేంటంటే, అతను దాక్కోగలిగింది నేను అడగని మనిషినైనందుకే. అడిగుంటే ఆ చోటు పోయేదేమో. అడగనందుకు నేను మంచిపని చేశానని మాత్రం అనుకోలేను. ఎందుకంటే నేను తెలిసి ఊరుకోలేదు. గెలవడంలో పడి వినలేదు.

2022 జూలై ఆఖర్లో బీజీఎంఐ కూడా ప్లే స్టోర్‌లోంచి పోయింది. 2023 మేలో తిరిగొచ్చింది, పెద్దవాళ్లకి రోజుకి ఆరు గంటలు, పిల్లలకి మూడు అని పరిమితులతో. 2025 ఆగస్టులో పార్లమెంటు చేసిన చట్టం డబ్బు పెట్టి ఆడే ఆటల్ని నిషేధించి మిగతావాటిని వేరుగా చూసింది. ఆ వార్త చూసి తాతయ్య నన్ను నిర్దోషిగా వదిలేశాడు.

ఇప్పుడు నేను మళ్లీ హైదరాబాద్‌లో. వారంలో రెండు మూడు రాత్రులు బావ, నేను, మండపేట తమ్ముడు, ఎవరో ఒక కొత్తవాడు. లాబీలో దిగగానే స్టార్ట్ నొక్కకుండా రొయ్యల రేటు అడుగుతాను, అత్తయ్య మోకాళ్లు అడుగుతాను. "అబ్బా, ముందు ఆట పెట్టరా" అంటాడు బావ. పెడతాను.

మొన్న బుధవారం తొమ్మిదిమంది మిగిలిన టైమ్‌లో మైక్‌లో ఏరియేటర్ల మోత ఠక్కున ఆగిపోయింది. బావ చెప్పకముందే తెలిసింది. "కరెంటు..." అన్నాడంతే, ఫోన్ ఎక్కడో పడేసి పరిగెత్తిన చప్పుడు. తెర మీద బావ బొమ్మ గోడ పక్కన కదలకుండా నిలబడిపోయింది. నీలం గీత దగ్గరికొస్తోంది. కొత్తవాడు, "బ్రో, వదిలేయ్ బ్రో, జోన్‌లోకి రా" అంటున్నాడు.

"మీరెళ్లండి" అన్నాను.

తుపాకీ వాకిలివైపు తిప్పి పక్కన కూర్చున్నాను. జనరేటర్ చప్పుడు కోసం వింటున్నాను. గీత మా మీదుగా వెళ్లిపోయింది. ఇద్దరం పోయాం. ఆ తర్వాత నిమిషానికి అటు డుగడుగమని జనరేటర్ అందుకుంది.

"ఏమైందిరా, గెలిచామా?" అన్నాడు ఆయాసపడుతూ.

"లేదు బావా. రొయ్యలెలా ఉన్నాయి?"