మొదటి పేజీ



పోయిన ఆదివారం ఆరాధన అయ్యాక ఒక చిన్నవాడు నోటుపుస్తకం పట్టుకొని వచ్చి, "అయ్యగారూ, ఇందులో మీ సంతకం పెట్టండి" అన్నాడు. నవ్వుతూ పెట్టిచ్చాను. కానీ ఆ రాత్రి నిద్ర పట్టలేదు. లేచి ట్రంకు పెట్టెలో అడుగునున్న నా పాత ఆటోగ్రాఫ్ పుస్తకం తీశాను. దాని సంగతి మీతో చెప్పుకోవాలని ఈ నాలుగు మాటలు.

నేను పెరిగింది హన్మకొండ సుబేదారిలో. మా బాపు రిక్షా తొక్కేవాడు. కోర్టు పనికీ కలెక్టరాఫీసు పనికీ వచ్చినవాళ్లను ఎక్కించుకొని చౌరస్తాకో, కాజీపేట స్టేషనుకో దింపి వచ్చేవాడు. నేనేమో బడి అయిపోగానే ఆర్ట్స్ కాలేజీ మైదానంలో ఉండేవాణ్ణి.

నాకు అనిల్ కుంబ్లే అంటే ప్రాణం. ఆయన బంతి పెద్దగా తిరగదని మా దోస్తులు వెక్కిరించేవాళ్లు. తిరగకపోయినా వేగంగా వచ్చేది, ఉన్నట్టుండి ఎగిరేది. తనకున్నదానితోనే రోజంతా అలసిపోకుండా వేసేవాడు. అదే నాకు నచ్చేది.

1999 ఫిబ్రవరి 7 ఆదివారం. ఢిల్లీలో పాకిస్తాన్‌తో టెస్టు. నేను ప్రసంగం నడుమనే మందిరంలోంచి లేచి వచ్చి, పక్కింటి టీవీ ముందు కూర్చున్నాను. వాళ్ల లక్ష్యం 420. ఒక్క వికెట్టూ పోకుండా వంద దాటారు. ఆ తర్వాత పడ్డ పది వికెట్లూ కుంబ్లేవే, 74 పరుగులకు! టెస్టుల్లో అంతకుముందు 1956లో జిమ్ లేకర్ ఒక్కడే ఒక ఇన్నింగ్స్‌లో పదికి పది తీశాడు. తొమ్మిది పడ్డాక శ్రీనాథ్ ఆఖరి వికెట్ తనకు దక్కకూడదని కావాలనే బంతులు దూరంగా వేశాడు. చివరికి వసీం అక్రమ్ క్యాచ్ మన లక్ష్మణ్ చేతుల్లో పడింది. వాడకట్టంతా కేకలు.

ఆ మరునాడే ఆటోగ్రాఫ్ పుస్తకం కావాలని మారాం చేశాను. బాపు రిక్షా సీటు కింద దాచిన చిల్లర లెక్కపెట్టి కొనిచ్చాడు. మొదటి పేజీ కుంబ్లే కోసం ఖాళీగా ఉంచాను. మిగతా పేజీల్లో మా మైదానానికి టోర్నమెంట్లు ఆడవచ్చిన వాళ్ల సంతకాలు నింపుకున్నాను. వాళ్ల వెనక ఎండలో గంటలు గంటలు నిలబడేవాణ్ణి.

ఇప్పుడు సిగ్గుపడే మాట చెప్తాను. బాపుకు చదువు రాదు, వేలిముద్ర వేసేవాడు. ప్రోగ్రెస్ కార్డు మీద ఆ ముద్ర చూసి తరగతిలో నవ్వుతారని, పదో తరగతిలో నేనే ఆయన పేరుతో సంతకం గీకి ఇచ్చాను. ఒకరోజు కార్డు ఆయన కంటపడింది. చదవలేడు గానీ, తన ముద్ర లేదని తెలిసింది. "నా ఏలు ముద్రకు నామోషి అయితాంది గదా కొడుకా" అన్నాడు. తిట్టలేదు, కొట్టలేదు. మళ్లీ ఆ ఊసెత్తలేదు. నేనూ క్షమించమని అడగలేదు.

2002 మే నెలలో అంటిగ్వాలో టెస్టు. బ్యాటింగ్‌లో డిలన్ బంతి తగిలి కుంబ్లే దవడ విరిగింది. ఆపరేషన్‌కు ఇంటికి వెళ్లాల్సినవాడు, తల చుట్టూ కట్టు కట్టుకొని మైదానంలోకి వచ్చాడు. వరసగా 14 ఓవర్లు వేసి లారాను ఎల్బీగా పంపాడు. రాత్రి అది చూసి కళ్లనీళ్లతో ఇంటికి వచ్చాను. గడప దగ్గర బాపు, వాచిన మోకాలికి పాత తువ్వాల చుట్టుకుంటున్నాడు. "పొద్దున కాజీపేట కిరాయి ఉన్నది బిడ్డా" అన్నాడు.

ఆ కట్టు ఎన్ని నెలలుగా ఉందో నాకు తెలియదు. నేనెప్పుడూ చూడలేదు.

ఆ రాత్రి ఆయన కాళ్ల దగ్గర కూర్చొని తప్పు ఒప్పుకున్నాను. పుస్తకం తెచ్చి మొదటి పేజీ తీసి, "ఇక్కడ నీ ముద్ర వెయ్యి బాపూ" అన్నాను. "అది పెద్దోళ్ల కోసం ఉంచినవు గదరా" అని వెనకాడాడు. పెన్ను సిరా ఆయన బొటనవేలికి నేనే పూశాను. బెల్ పట్టీ పట్టీ కాయలు కాచిన వేలు కాబట్టి ముద్రలో గీతలు సగం పడలేదు.

కుంబ్లే 619 టెస్టు వికెట్లతో ఆట ముగించాడు. ఆయన సంతకం నాకు దొరకనే లేదు. ఆయన మీద అభిమానం మాత్రం ఇప్పటికీ తగ్గలేదు. బాపు ప్రభువు దగ్గరికి వెళ్లిపోయాడు. ఆ పేజీ నా దగ్గర ఉంది.

యెషయా గ్రంథం 49వ అధ్యాయంలో దేవుడు తన జనాన్ని అరచేతుల మీద చెక్కుకున్నానని చెప్తాడు. మనం గొప్పవాళ్ల పేర్లు మన పుస్తకంలో ఉండాలని తిరుగుతాం. ఆయన మాత్రం రాయడం రాని నా తండ్రిని కూడా తన చేతిలో రాసుకున్నాడు.

గొప్పవాళ్లను మెచ్చుకోండి, తప్పులేదు. అయితే మీ ఇంట్లో నొప్పి చెప్పుకోకుండా మీ కోసం పొద్దున్నే లేచేవాళ్లు ఎవరైనా ఉంటే, ఈ రాత్రి వాళ్ల దగ్గర కాసేపు కూర్చోండి. అడగాల్సిన క్షమాపణ ఉంటే రేపటిదాకా ఆపకండి.

దేవుడు మిమ్మల్ని దీవించును గాక.